మొదటి సైడు తరవాత

"పోయినవాడు మా అన్న. మీరు విడిపించాల్సినవాడు నా కొడుకు. ఎవరికోసం ఏడవాలో నాకే తెలియడం లేదు," అంది ఆవిడ.

అంది గానీ ఏడవలేదు. పోలీసులు తిరిగిచ్చిన అన్న గది తాళంచెవి నా చేతిలో పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. అప్పుడు మధ్యాహ్నం రెండయింది. ఐదింటికి ఆమె కొడుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. రిమాండుకి సంతకం పడ్డాక మనిషిని బయటికి లాగడం నా వల్ల అయ్యే పని కాదు.

నేను ఈ వృత్తిలో పాతికేళ్లుగా ఉన్నాను. మొదటి పదిహేనేళ్లు బీమా కంపెనీలో కూర్చుని పోయినవాళ్లను అనుమానించాను. ఆ తరవాత సొంతంగా ఆఫీసు పెట్టుకుని బతికున్నవాళ్లను అనుమానిస్తున్నాను. ఈ కేసులో మాత్రం నన్ను కలవరపెడుతున్నది ఒక పాట.

చనిపోయినాయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. నలభై ఏళ్ల కిందట 'ఓడ రాని రేవు' అనే సంగీత నాటకానికి బాణీలు కట్టింది ఆయనే. నాటకం ఊరూరా ఆడింది. తరవాత అదే బృందాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి మొత్తం పాటలన్నీ రికార్డు చేశారు. రెండు రికార్డులు, నాలుగు సైడ్లు. అట్టమీద నాయిక వేషం కట్టినావిడ బొమ్మ. ఆమెను జనం ఈనాటికీ రాణిగారనే అంటారు. రికార్డింగు అయిన వారానికే నాటకశాల తగలబడింది. బృందగానంలో పాడే ఒకమ్మాయి ఆ మంటల్లో కనిపించకుండా పోయింది. రాణిగారు ప్రతి సభలోనూ ఆ అమ్మాయిని తలుచుకుని కళ్లు ఒత్తుకుంటారు. ఆ పాటలు నేను చిన్నప్పుడు గిన్నెలు తోముతూ పాడి, నీళ్లన్నీ పారబోస్తున్నానని అమ్మచేత తిట్లు తిన్నాను.

పోలీసుల కథ ఇదీ. మంగళవారం పొద్దున పదింటికి మాస్టారు రోజూ పెట్టినట్టే ఆ రికార్డు పెట్టారు. పది దాటి ఐదు నిమిషాలకు రాణిగారు వచ్చారు, పదీ పదిహేనుకి వెనక మెట్లమీదుగా వెళ్లిపోయారు. వెళ్లిపోయానని ఆవిడే చెప్పారు, ఆవిడ డ్రైవరు అవునన్నాడు. పదీ యాభైకి మేనల్లుడు వచ్చాడు. పదకొండుకి వెళ్లాడు. పదకొండూ ఏడుకి పాట ఆగింది. పదకొండూ పదికి కింద బట్టలు కుట్టే ఆవిడ పైకి వెళ్లి చూస్తే మాస్టారు కుర్చీలోనే పోయి ఉన్నారు. దిండు మొహంమీద అదిమి ఊపిరాడకుండా చేశారని డాక్టరు రాశాడు. దిండుమీద మేనల్లుడి వేలిముద్రలు ఉన్నాయి.

"రికార్డు తనంతట తాను తిరగబడదు కదా మేడమ్," అని ఇన్‌స్పెక్టర్ నిన్న నాతో ఫోనులో అన్నాడు. "ఒక్కో సైడు ఇరవై రెండు నిమిషాలు. పదీ నలభై అయిదుకి ఎవరో లేచి మార్చారు. ఆ ఎవరో మాస్టారే. అంటే అప్పటికి బతికున్నాడు. తరవాత ఆ గదిలోకి వెళ్లింది ఒక్క మేనల్లుడే."

పోయినేడాది ఒక వీలునామా కేసులో నేను ఆయనది తప్పని నలుగురిలో నిరూపించాను. అప్పట్నుంచీ ఆయన నన్ను మేడమ్ అన్నప్పుడల్లా పళ్ల కింద రాయి పడ్డట్టు అంటాడు.

ముందు కింది గదికి వెళ్లాను. అక్కడ బట్టలు కుట్టే ఆవిడను వీధి మొత్తం టైలరక్క అంటుంది. అరవై దాటి ఉంటుంది. గదిలో ఉక్కపోస్తున్నా జాకెట్టు మెడపట్టీ గొంతుదాకా గుండీలు పెట్టుకుని ఉంది. కిటికీకి ఎదురుగా మిషను, తలుపు వైపు వీపు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాక కూడా పని ఆపలేదు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇత్తడి తొడుగుతో మిషను పలకమీద మూడుసార్లు తట్టి, అప్పుడు కాలు తొక్కింది. ఆ కుట్టు అయ్యాక గుడ్డ తిప్పి మళ్లీ మూడుసార్లు తట్టింది.

"అక్కా, మంగళవారం మీరు ఏం విన్నారో చెప్పండి."

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాగా." గొంతు గరగరలాడింది, మాట మాటకీ గాలి ఎక్కువ, శబ్దం తక్కువ.

"నాకూ చెప్పండి. గొంతుకేమైంది?"

"పాత సంగతి. పొగ మింగాను."

"రాణిగారు రావడం చూశారా?"

"చూళ్లేదు. ఎత్తుమడమల చెప్పులు మెట్లెక్కడం విన్నాను. దిగడం వినలేదు. వెనక మెట్లమీంచి వెళ్లిందంట."

"పాట?"

"మూడు సైడ్లు వచ్చింది. నాలుగోసారి ఎవరూ మార్చలేదు. ఆగిపోయింది. రెండు నిమిషాలు చూసి పైకెళ్లాను."

"రెండు నిమిషాలకే ఎందుకు వెళ్లారు?"

ఆవిడ కాలు తీసింది. "మాస్టారికి ఉబ్బసం. పాట మధ్యలో ఆగిందంటే ఆయనకి ఏదో అయిందని, నేను పైకి వెళ్లాలి. కింద నా మిషను సూదిలో దారం ఎక్కించుకునేదానికన్నా ఎక్కువసేపు ఆగిందంటే ఆయన దిగిరావాలి. ఇద్దరమూ ఒంటరివాళ్లం. ముప్పై తొమ్మిదేళ్ల ఒప్పందం ఇది."

"మూడు సైడ్లు అన్నారు. ఏ మూడు?"

ఆవిడ మొదటిసారి నా వైపు తిరిగి చూసింది. "ఆయన ఎన్ని అని అడిగాడు. ఏవి అని అడగలేదు."

"నేను అడుగుతున్నాను."

"మొదటిది. తరవాత ఆఖరుది. ఆ తరవాత రెండోది."

నేను పెన్ను ఆపాను. "మొదటిది అవగానే ఆఖరుదా? పొరపాటు పడ్డారేమో."

"ఆ పాటల్లో నేను పొరపాటు పడను." అంత గట్టిగా అన్నాక ఆవిడే కొంచెం తగ్గింది. "నాకూ వింతగానే అనిపించింది. ఆఖరి సైడంటే ఆయన ఊరించుకుని ఊరించుకుని వినేవాడు. ఇవాళ ముందే పెట్టేశాడేంటి, మనసు బాగోలేదేమో అనుకున్నా. వెళ్దామని లేచాను కూడా. కానీ పాట ఆగలేదుగా. ఆగితేనే వెళ్లాలి. కూర్చున్నాను."

ఒడిలో ఉన్న గుడ్డని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. "వెళ్లుండాల్సింది," అంది.

రెండు రోజులుగా ఆ ఒక్క మాటే ఆవిడ లోపల తిరుగుతోందని తెలుస్తూనే ఉంది. లేచి పైకి వెళ్లాను.

మాస్టారి గది చిన్నది, చెక్క నేల. మూలన పాత నీటిగొట్టం తీసేసిన చోట పిడికిలంత కంత అలాగే ఉండిపోయింది. దాంట్లోంచి కింది మిషను చప్పుడు పక్కగదిలో ఉన్నంత దగ్గరగా వినిపిస్తోంది. ఆ కంత పక్కనే ఆయన కుర్చీ. కుర్చీ అడుగున ఆయన బరువుకి పడ్డ గుంట ఇంకా పూడలేదు. చేతిపట్టెమీద మందు పీల్చే గొట్టం మూత ఉంది, గొట్టం లేదు. అది పోలీసుల దగ్గర ఉంది.

అరల్లో పుస్తకాలన్నీ ఎవరో లాగి మళ్లీ తోసినట్టున్నాయి. కొన్ని తలకిందులుగా ఉన్నాయి. మేనల్లుడు పది నిమిషాల్లో ఇన్ని అరలు వెతకలేడు. బల్లమీద ఒక ఉత్తరం కనిపించింది. పోలీసులకి అది పనికిరాని కాగితంలా తోచి ఉంటుంది. రికార్డు కంపెనీ రాసింది. 'ఓడ రాని రేవు' మళ్లీ విడుదల చేస్తున్నామని, నాయిక పాటలు పాడినవారి పేరు విషయంలో మాస్టారు లేవనెత్తిన అభ్యంతరానికి ఆధారంగా రికార్డింగు నాటి హాజరు పుస్తకం పంపితే అట్టమీద పేరు మారుస్తామని అందులో ఉంది. ఎవరు దేనికోసం వెతికారో సగం అర్థమైంది. రాణిగారి పేరు బదులు ఎవరి పేరో మాత్రం తెలియలేదు.

రికార్డు ఇంకా పాటల మిషనుమీదే ఉంది. రెండో సైడు పైకి ఉంది. తీసి తిప్పి చూస్తే వెనక మూడు. అట్టలోని ఇంకో రికార్డు తీశాను. ఒక వైపు ఒకటి, వెనక వైపు నాలుగు.

ముందు ఇది అచ్చువేసినవాళ్ల తప్పేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే అటకమీద పాత పాటల మిషను ఉంది, మధ్యలో పొడుగాటి కడ్డీతో. అలాంటిది మా నాన్న దగ్గర ఉండేది. రెండు రికార్డులూ ఒకదానిమీద ఒకటి ఆ కడ్డీకి తగిలిస్తే ముందు కిందిది జారిపడి పాడుతుంది. అది అవగానే పైది దానిమీద పడి పాడుతుంది, మనిషి లేవక్కర్లేదు. తరవాత రెంటినీ కలిపి ఒకేసారి తిరగేసి పెడితే మూడూ నాలుగూ వరసగా వస్తాయి. అందుకోసమే ఆ రోజుల్లో ఒకటి వెనక నాలుగు, రెండు వెనక మూడు అచ్చువేసేవారు.

అటక కింద బల్లమీద ఉన్నది కొత్తది. దానిమీద ఒక్క రికార్డే పడుతుంది. మాస్టారి చెల్లెలికి ఫోను చేసి ఆ రెండు మిషన్ల సంగతి అడిగాను.

"పాతది చెడిపోయిందమ్మా. నా కొడుకే మూడు వారాల కిందట కొత్తది తెచ్చి బిగించాడు. ఒకటి అవగానే తిప్పకూడదు, తీసేసి రెండో రికార్డు పెట్టాలి. వాడికి ఐదో ఏట నుంచి మామయ్యకి రికార్డులు అందించడమే పని. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు."

"ఆ రోజు గదిలోకి వెళ్లినప్పుడు ఏం పాడుతోందో చెప్పాడా?"

"రెండో సైడని చెప్పాడు. మామయ్య నిద్రపోతున్నాడనుకుని, కింద పడ్డ దిండు తీసి తలకింద పెట్టి, కొత్త సూదిపెట్టె బల్లమీద ఉంచి వచ్చేశాడు. దాన్ని కూడా వాళ్లు అబద్ధం కిందే రాసుకున్నారు. మూడోది రావాల్సిన టైమట."

ఫోను పెట్టేశాను. రెండు వేర్వేరు నోళ్లు ఒకే మాట చెప్పాయి. ఇన్‌స్పెక్టర్ ఒకరిని అడగలేదు, ఇంకొకరిని నమ్మలేదు. మూడింటికి ఆయనకే ఫోను చేసి, టైలరక్క విన్న పాటల వరస వేరని, వచ్చి చూడమని అన్నాను. నవ్వాడు. మూడూ నలభైకి వచ్చాడు.

"ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది. మీ గానకచేరీ తొందరగా కానివ్వండి," అన్నాడు గుమ్మంలోనే.

నేను మొదటి సైడు పెట్టి మాస్టారి కుర్చీలో కూర్చున్నాను. ఆ గుంట ఇంకా ఆయనదే.

"వింటూ మాట్లాడుకుందాం. అరలన్నీ వెతికిందెవరు?"

"మేనల్లుడు."

"పది నిమిషాల్లోనా?"

"కుర్రాడు కదా, చురుగ్గా వెతికుంటాడు. అసలు మీకు ఎవరిమీద అనుమానం? రాణిగారిమీదా? పేపర్లో మీ ఫొటో పడాలంటే అంతకన్నా మంచి దారులున్నాయి."

"ఆ వీలునామా కేసులో మీ ఫొటో పడినప్పుడు కింద ఏం రాశారో గుర్తుందా?"

అప్పుడే వాద్యాలు తగ్గి నాయిక గొంతు మొదలవబోతోంది. నాటకంలో రేవు కాపలాదారు కూతురు మొదటిసారి సముద్రాన్ని పలకరించే పాట. గొంతు రావడానికి సరిగ్గా ముందు, చెక్కమీద ఉంగరం తట్టినట్టు మూడు చిన్న చప్పుళ్లు వినబడ్డాయి.

"రికార్డుమీద గీత పడింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గీత అయితే రికార్డు తిరిగినప్పుడల్లా పడుతుంది. ఇది ఆమె పాడబోయే ముందు మాత్రమే వస్తోంది. రెండో పాటకి ముందూ వచ్చింది. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియోలో విన్నప్పుడు ఇది తెలియలేదు. మూడో పాట మొదలయ్యే ముందు రికార్డులో మూడు చప్పుళ్లు వచ్చాయి. కాసేపటికి, పాట మధ్యలో వాద్యాలు సద్దుమణిగిన చోట, నా పాదాల పక్కనున్న కంతలోంచి ఇనుముమీద ఇత్తడి తగిలినట్టు మళ్లీ అవే మూడు వినిపించాయి. అదే లెక్క, మధ్యలో అదే ఎడం. తరవాత కింద కుట్టుమిషను కదిలింది.

చేతులమీద వెంట్రుకలు లేచాయి. ఆయనకి కనబడకుండా చేతులు కట్టుకుని, సైడు అయ్యేదాకా విన్నాను.

నాలుగూ నాలుగు నిమిషాలకి సూది లోపలి గీతల్లో గరగరమంటూ తిరగడం మొదలుపెట్టింది.

"మీరు దగ్గరగా ఉన్నారు. కాస్త మార్చండి," అన్నాను.

ఆయన సూది ఎత్తి, రికార్డు అంచులు పట్టుకుని తిప్పి పెట్టి, సూది దించాడు. ఓడ మునిగిన కబురు తెచ్చే డప్పుల చప్పుడు మొదలైంది. నాటకం తెలిసినవాళ్లెవరికైనా అది కథ ముగింపని తెలుసు.

"ఇదేంటి, మధ్యలో కథ ఎగిరిపోయిందా?" అన్నాడు.

"మీరే ఎగరగొట్టారు. మంగళవారం పదీ ఇరవై మూడుకి ఈ గదిలో ఉన్న మనిషి కూడా సరిగ్గా మీరు చేసిన పనే చేసింది." ఒకటి వెనక నాలుగున్న సంగతి చూపించి చెప్పాను. "ముప్పై తొమ్మిదేళ్లుగా వింటున్న మాస్టారు అలా తిప్పరు. ఐదేళ్ల వయసు నుంచి అందిస్తున్న మేనల్లుడూ తిప్పడు. పదీ ఇరవై మూడుకి తిప్పింది, పదీ నలభై అయిదుకి మార్చింది ఈ రికార్డు ఒక్కసారైనా వినని మనిషి. మాస్టారు అప్పటికే పోయారు."

"చంపినవాళ్లు పాటలెందుకు పెడతారు? పారిపోక?"

"పాట ఆగితే కింద ఉన్నావిడ పైకి వస్తుంది, కింద మిషను ఆగితే ఈయన దిగుతారు, అదీ వాళ్ల ఒప్పందం. అది చెప్పి, తననేమైనా చేస్తే నిమిషాల్లో మనిషి వస్తుందని మాస్టారు బెదిరించే ఉంటారు. హాజరు పుస్తకం దొరికేదాకా వెతకాలి. వెతకాలంటే పాట నడుస్తూ ఉండాలి. శవం పక్కన నలభై నిమిషాలు ఈ గొంతు వింటూ వెతికింది."

"ఎవరు?"

"పదీ పదిహేనుకి వెళ్లిపోయానని చెప్పిందెవరు?"

ఇన్‌స్పెక్టర్ మొహం గట్టిపడింది. "రాణిగారు ఈ రికార్డు రోజూ పడుకునేముందు వింటారు. ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్తారు. నాతోనూ అన్నారు."

"అన్నారు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా వినలేకపోయారు. ఎవరి గొంతో తెలుసు కనక."

ఆయన నన్ను చూశాడు. వెనక నాయిక ఆఖరి పాట ఎత్తుకోబోతోంది. టక్, టక్, టక్. నేను వేలు పైకెత్తి వినమని సైగ చేశాను.

"ఇది గీత కాదు. పాడిన అమ్మాయికి అలవాటు. పాట మొదలుపెట్టే ముందు తాళం లెక్కపెట్టుకుంటుంది. అట్టమీద రాణిగారి బొమ్మ వేశారు, లోపల పాడింది వేరే పిల్ల. మంటల్లో పోయిందని అందరూ అనుకున్న పిల్ల. పోలేదు. పొగ మింగింది. పాటకి పనికిరాని గొంతుతో బయటపడింది. మాస్టారు ఆమెను కింద గదిలో పెట్టుకుని, ఆమె గొంతుని రోజూ పదింటికి ఆమెకే వినిపించారు. ఇన్నేళ్లు ఎందుకు దాక్కుందో ఆవిడే చెప్పాలి. మేనల్లుణ్ని విడిపించే సాక్ష్యమూ ఆవిడదే. ఐదింటికి ముందు ఆవిడ మేజిస్ట్రేటు ఎదుట ఉండాలి, పదండి."

ఆయన కదల్లేదు. అంతకుముందెప్పుడూ ఆయన మొహంలో నేను భయం చూడలేదు.

"మీరు ఫోను చేశాక రాణిగారికి ఫోను చేశాను," అన్నాడు నెమ్మదిగా. "పాటల వరస ఆవిడకి తెలుస్తుంది కదా అని. కింద టైలరావిడ ఏదో వరస తప్పిందంటోందని నవ్వుతూ చెప్పాను. ఆవిడా నవ్వారు. ఆ టైలరు పొద్దస్తమానం ఒక్కతే ఉంటుందా అని అడిగారు."

నేను సూది ఎత్తేశాను. గొంతు మధ్యలో తెగింది. గదిలో నిశ్శబ్దం పరుచుకుంది. ఆ నిశ్శబ్దంలో తెలిసింది, కింద కూడా చప్పుడు లేదు.

దారం తెగి ఉంటుందిలే అనుకున్నాను. దారం ఎక్కించుకునేంతసేపు నిలబడ్డాను. అంతకన్నా ఎక్కువసేపే అయింది. పైన పాట ఆపినా మెట్లమీద అడుగులు వినబడలేదు. ముప్పై తొమ్మిదేళ్లలో ఆవిడ తప్పని ఒప్పందం.

అప్పుడు కంతలోంచి మిషను మళ్లీ మొదలైంది.

ఇన్‌స్పెక్టర్ ఊపిరి వదిలాడు. "కుడుతోందిగా," అన్నాడు.

అప్పటికే నేను మెట్లమీద ఉన్నాను. మిషను కదలడానికి ముందు మూడు చప్పుళ్లు రాలేదు. గుడ్డ తిప్పడానికి కూడా ఆగడం లేదు, ఒకే తొక్కుడు, ఇంత పొడుగు కుట్టు ఏ బట్టకీ ఉండదు. కింద ఎవరి కాలో ఆ మిషనుని ఆగకుండా తొక్కుతోంది. చప్పుడు ఆగితే మేము దిగివస్తామని ఆ మనిషికి తెలుసు.